‘తిహ్ బ్యల్ దునవ్’ పిల్లలచేత పాడించడం ఎలా?

"బడిలో బోతెవ్ పాట ఇచ్చారండీ. పాప ఇంట్లో పాడుతుంటే ట్యూన్ బాగానే ఉంది, కానీ టీచరు మాత్రం మాటలు అర్థం కావట్లేదంటున్నారు. ఏం చేయాలి?"

బల్గేరియా రాజధాని సోఫియాలో ఉన్న మన తెలుగు ఇళ్ల నుంచి వసంతం వచ్చిందంటే ఈ ప్రశ్న వస్తుంది. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసిగి, మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఒట్టోమన్ల మీద తిరగబడ్డ కవి హ్రిస్తో బోతెవ్ మీద బల్గేరియా పిల్లలంతా పాడే ఈ పాటను ఏ వరుసలో నేర్పాలో, మన పిల్లలు ఎక్కడ తడబడతారో, ఎలా దిద్దాలో చెబుతాను. పాట గొప్పతనం జోలికి పోను.

ఒక్క షరతు. ట్యూన్ చివర. మీ పిల్ల ఇప్పటికే హుషారుగా కూనిరాగం తీస్తున్నా సరే, మొదటి వారం పాడించకండి. తప్పు పలుకు ట్యూన్‌తో కలిసి నాలుక మీద కూర్చుందంటే దాన్ని లేపడం మహా కష్టం.

## 1. మొదలుపెట్టే ముందు

టీచరును అడిగి తెలుసుకోవలసినవి:

☐ ఎన్ని చరణాలు పాడాలి?
☐ అందరూ కలిసి పాడతారా, ఎవరికైనా విడిగా చరణం ఇచ్చారా?
☐ కరావోకే ట్రాక్ ఉందా, పియానో వాయిస్తారా? ట్రాక్ ఉంటే ఆ ఫైలే తెచ్చుకోండి.
☐ నిలబడి పాడాలా, కవాతు చేస్తూ పాడాలా?
☐ సిరిలిక్‌లో (బల్గేరియన్ రాసే లిపి) అచ్చైన పాఠం ఇస్తారా?

చివరిది తప్పనిసరి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. మీ పిల్ల ఒకటి, పక్కనున్న పిల్లాడు ఇంకొకటి పాడితే బృందం చెడుతుంది.

రికార్డింగు వెతికేటప్పుడు పాట మొదటి పంక్తిని సిరిలిక్ అక్షరాల్లోనే టైపు చేయండి. పాటలో వచ్చే ‘రదెత్స్కి’ అనే ఓడ పేరు చూసి ‘రదెత్స్కి మార్చ్’ అని వెతికితే యోహాన్ స్ట్రాస్ 1848లో రాసిన ఆస్ట్రియా వాద్య సంగీతం వస్తుంది. ఓడకైనా ఆ సంగీతానికైనా పేరు ఒకే ఆస్ట్రియా సేనాపతి నుంచి వచ్చింది, అంతకు మించి ఈ పాటకూ దానికీ చుట్టరికం లేదు. ఒకావిడ రెండు రోజులు దానికే పిల్లచేత చప్పట్లు కొట్టించారు!

## 2. కథ ఐదు నిమిషాల్లో చెప్పేయండి

కథ తెలియకపోతే చరణాల వరుస గుర్తుండదు. అందుకోసమే చెప్పాలి, అంతే చాలు. పటం తెరిచి డాన్యూబ్ నదిని చూపించండి. పైన రొమేనియా, కింద బల్గేరియా. కింది ఒడ్డున కొజ్లొదుయ్ ఊరి దగ్గర వేలు పెట్టించండి.

1876లో బల్గేరియా ఒట్టోమన్ల పాలనలో ఉంది. 28 ఏళ్ల కవి బోతెవ్, దాదాపు 200 మంది యువకులు తోటపనివాళ్ల వేషంలో రొమేనియా రేవుల్లో ‘రదెత్స్కి’ అనే ఆస్ట్రియా స్టీమరు ఎక్కారు. ఆయుధాలు పెట్టెల్లో దాచారు. నది మీద ఉండగా వేషాలు తీసేసి, సింహపు బిళ్ల ఉన్న టోపీలు పెట్టుకుని, ఓడను కొజ్లొదుయ్ ఒడ్డుకు పోనిమ్మని కెప్టెన్‌కు చెప్పారు. అక్కడ దిగి నేలను ముద్దాడారు. కొద్దిరోజులకే వ్రాత్స దగ్గరి కొండల్లో బోతెవ్ చనిపోయాడు.

పాటలో ఉన్నది ఓడ మీద జరిగిన భాగమే. పోరాటం, మరణం పిల్లలు అడిగితే చెప్పండి, అడగకపోతే అక్కడితో ఆపండి.

వీలైతే ఒక ఆదివారం కొజ్లొదుయ్ తీసుకెళ్లండి. బడిపిల్లలు పోగుచేసిన డబ్బుతో తిరిగి కట్టిన ఓడ 1966 నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. అది ఎక్కి వచ్చిన పిల్లలకు రెండో చరణం మళ్లీ నేర్పక్కర్లేదు.

## 3. పలుకు: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

మొదటి చరణాన్ని తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది. ఇది ఊతకర్ర మాత్రమే. పక్కనే సిరిలిక్ పాఠం ఉండాలి.

తిహ్ బ్యల్ దునఫ్ సె వల్నువ
వెసెలొ షుమి
ఇ రదెౘ్కి గొర్దొ ప్లువ
నద్ జ్లత్ని వల్ని

నిశ్శబ్దంగా, తెల్లగా ఉన్న డాన్యూబ్ అలలెత్తుతోంది, హుషారుగా హోరుమంటోంది. బంగారు అలల మీద ‘రదెత్స్కి’ ఠీవిగా సాగుతోంది. ఇంతే అర్థం.

మనకు కలిసొచ్చేవి. బల్గేరియన్ల త, ద పళ్లకు నాలుక తగిలించి పలికేవి, అచ్చం మనవే. ఇంగ్లీషు మీడియం అలవాటుతో పిల్లలు ‘టిహ్’, ‘డునవ్’ అంటుంటే వెంటనే ఆపి "దోసెలో ద" అనండి, సర్దుకుంటారు. ర కూడా మన ర లాగే నాలుక ఆడించి పలకాలి. ‘రదెౘ్కి’లోని ౘ మన పాత బాలశిక్ష అక్షరం. చాప, చుక్క అని మామూలుగా అన్నప్పుడు వినిపించే ధ్వని అదే. ఇంగ్లీషు పిల్లలకు పాఠం చెప్పి నేర్పాల్సినదాన్ని మనవాళ్లు అమ్మమ్మ మాటల్లోంచే తెచ్చుకుంటారు.

జ్లత్ని, జ్నౘి. ఇక్కడ జ మన ‘జల్లెడ’లో జ కాదు. హైదరాబాదులో ‘జమీన్’, ‘జిందగీ’ అన్నప్పటి జ. స అంటూ గొంతు మోగిస్తే వచ్చేస్తుంది.

తిహ్. చివర హ్ గట్టిగా, గొంతు పైభాగంలో రాపిడితో రావాలి. అద్దం మీద ఆవిరి ఊదినట్టు ఊదమనండి, తర్వాత కొంచెం గరుకు చేయమనండి.

అసలు చిక్కు: ъ. ‘వల్నువ’, ‘వల్ని’ మొదట్లో నేను ‘వ’ అని రాశాను. నిజానికి అక్కడున్నది మన అ కాదు. దవడ దాదాపు మూసి, పెదవులు గుండ్రంగా చేయకుండా, నోటి లోపల వెనకవైపు నుంచి పలికే పొట్టి అచ్చు. పిల్లలకు నేను చెప్పే చిట్కా: ‘ఉ’ అనడానికి సిద్ధపడి, పెదవులు మాత్రం నవ్వుతున్నట్టు వెడల్పుగా ఉంచి పలకమంటాను. రెండు రోజుల్లో పట్టేస్తారు. తర్వాతి చరణాల్లో వచ్చే ‘క్రవ్’ (రక్తం), ‘సమ్’ (ఉన్నాను), ‘బల్గర్స్కి’ (బల్గేరియా) మాటల్లోనూ అదే అచ్చు. పాఠంలో ъ కనిపించిన ప్రతిచోటా రంగు పెన్సిలుతో చుట్టు గీయించండి.

రష్యాలో చదువుకొచ్చిన డాక్టరు నాన్నలకు ఒక మాట. మీకు ъ మూగ అక్షరం, ఇక్కడ అది అచ్చు. మీ ‘వ్యెస్యెలొ’ మెత్తదనం కూడా ఇక్కడ పనికిరాదు, శుభ్రంగా ‘వెసెలొ’ అనాలి. దయచేసి పిల్లను దిద్దకండి!

## 4. లెక్క: తకధిమితో చూసుకోండి

పాట మొత్తం ఒకే కొలత. ఒక పంక్తికి 8 అక్షరాలు, తర్వాతి పంక్తికి 5. ఇక్కడ అక్షరమంటే అచ్చు ఉన్న ముక్క.

తిహ్ | బ్యల్ | దు | నఫ్ | సె | వల్ | ను | వ: 8
వె | సె | లొ | షు | మి: 5

పొడవు పంక్తికి ‘తకధిమి తకధిమి’, పొట్టి పంక్తికి ‘తకధిమి త’ అని వేళ్ల మీద లెక్కించండి. ఇది పాట తాళం కాదు, మాటలు సరిచూసుకునే లెక్క.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మన నాలుక హల్లుతో ముగిసే మాటను ఒప్పుకోదు. బస్సు, కారు, బ్యాంకు అన్నట్టే ‘తిహు బ్యలు దునవు’ అనేస్తుంది. లెక్కించి చూడండి: 8 కాస్తా 11 అవుతుంది. ట్యూన్‌లో ఆ మూడు అక్షరాలకు చోటు లేదు కాబట్టి పిల్ల పరుగెత్తి పాడుతుంది. వినేవాళ్లకు గజిబిజి. "మాటలు అర్థం కావట్లేదు" అని టీచరు అనేదానికి పది ఇళ్లలో తొమ్మిదింట కారణం ఇదే అనిపిస్తుంది నాకు.

దిద్దుబాటు: మాట చివర పెదవుల ముందు చెయ్యి పెట్టించండి. ‘బ్యల్’ అన్నాక నాలుక పళ్ల వెనకే ఆగిపోవాలి, దవడ కిందికి దిగకూడదు. దిగిందంటే ఉ వచ్చినట్టే.

## 5. ఊనిక

తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కినా అర్థం మారదు. బల్గేరియన్‌లో ప్రతి మాటకూ నొక్కి పలికే అక్షరం ఒకటుంటుంది, దాన్ని తప్పిస్తే మాట వేరేదైనట్టు వినిపిస్తుంది. మొదటి చరణంలో ఊనిక పడే చోట్లు:

దునవ్: దు
వల్నువ: ను
వెసెలొ: వె
షుమి: మి
రదెౘ్కి: దె
గొర్దొ: గొ
ప్లువ: ప్లు
జ్లత్ని: జ్ల
వల్ని: ని

ఇందులో ఒక మెలిక ఉంది. రెండు పొట్టి పంక్తులూ ఐదేసి అక్షరాలవే అయినా ఊనిక ఒకేచోట పడదు. ‘వెసెలొ షుమి’లో 1, 5. ‘నద్ జ్లత్ని వల్ని’లో 2, 5. పిల్లలు మొదటిదాని ఊపులో రెండోదాన్ని కూడా ‘నద్’ మీద నొక్కి ‘జ్లత్నీ’ అని లాగేస్తారు. ముందు వచనంలా చదివించండి, ఊనిక అక్షరం మీద బల్ల తట్టించండి. ట్యూన్‌లోకి వెళ్లాక దెబ్బ వేరేచోట పడితే రికార్డింగులో ఎలా పాడారో అలాగే పాడాలి. కానీ మాట సహజంగా ఎలా ఉంటుందో ముందు చెవికి తెలిసి ఉండాలి.

ఊనిక ఉన్న అచ్చును దీర్ఘం చేయకండి. ‘దూనవ్’ కాదు, కాస్త గట్టిగా ‘దు’.

## 6. ప్రాస వినిపించాలంటే

ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

రెండో చరణంలో ఒక పంక్తి ‘బ్ర్యగ్’ (ఒడ్డు)తో ముగుస్తుంది, దాని జోడు పంక్తి ‘బైర్యక్’ (జెండా)తో. రాతలో గ్, క్. ప్రాస కుదరలేదనిపిస్తుంది. ఐదో చరణంలో ‘తెజ్’, ‘ద్నెస్’ కూడా అంతే.

కానీ బల్గేరియన్‌లో మాట చివర వచ్చే సరళం పరుషమైపోతుంది. మన వ్యాకరణంలో గసడదవాదేశ సంధి పరుషాలను మెత్తబరుస్తుంది కదా, ఇక్కడ దానికి తలకిందులు. ‘బ్ర్యగ్’ అని రాసి ‘బ్ర్యక్’ అంటారు. ‘తెజ్’ అని రాసి ‘తెస్’ అంటారు. అప్పుడు బ్ర్యక్–బైర్యక్, తెస్–ద్నెస్ చక్కగా పలుకుతాయి.

మొదటి పంక్తిలో నేను ‘దునవ్’ బదులు ‘దునఫ్’ అని రాసింది కూడా అందుకే. ఇంకా కొన్ని:

రొగ్ (కొమ్ము బూర): రొక్
నొఝ్ (కత్తి): నొష్
వొఝ్ద్ (నాయకుడు): వొష్త్
వ్ పరహొద (ఓడలో): ఫ్పరహొద

చదవడం బాగా వచ్చిన పిల్లలే ఇక్కడ తప్పు చేస్తారు, ఎందుకంటే వాళ్లు అక్షరాన్ని నమ్ముతారు. చెవితో నేర్చుకున్న చిన్నవాళ్లు తప్పరు.

## 7. తెలియని పాత మాటలు

ఈ పాట మాటలు రాసింది కవి ఇవాన్ వాజొవ్. వీటిలో కొన్ని నేటి వాడుకలో లేవు, బల్గేరియన్ పిల్లలు కూడా అడిగి తెలుసుకుంటారు. మీ పిల్లకు తెలియకపోతే కంగారు పడకండి.

యునౘి: వీరులు, సాహసులు
వొయ్‌వొద: దళ నాయకుడు
మొమ్‌ౘి: కుర్రాళ్లు
ప్లమ్: మంట, ఇక్కడ కళ్లలోని జ్వాల
నియ్: ‘మేము’కు పాత రూపం
తెజ్: ‘వీళ్లు’కు పొట్టి రూపం

‘లెవ్‌స్కి జ్నౘి’ దగ్గర జాగ్రత్త. వసిల్ లెవ్‌స్కి అనే మరో వీరుడి పేరు పిల్లలకు తెలుసు కాబట్టి ఆయన గుర్తులనుకుంటారు. ఇక్కడ మాటకు అర్థం ‘సింహపు’ బిళ్లలు. ఆయనకు ఆ పేరు వచ్చిందీ సింహం నుంచే. కానీ ఈ ఓడ ప్రయాణానికి మూడేళ్ల ముందే, 1873లో ఆయన్ను ఉరితీశారు.

## 8. ఇప్పుడు ట్యూన్

మాటలు తడుముకోకుండా చదువుతున్నప్పుడే ఇక్కడికి రండి. ట్యూన్ ఇవాన్ కరజొవ్‌ది, కవాతు నడక.

శ్రుతి. సంగీతం క్లాసులో పిల్లకు అలవాటైన శ్రుతి పెట్టేసి మొదలుపెట్టకండి. ముందు పాటలో అన్నిటికన్నా పైన ఉన్న స్వరాన్ని ఒక్కదాన్నే పాడించండి. మెడ సాగినా, గడ్డం పైకి లేచినా అర మెట్టు దించండి. బడి ట్రాక్ ఉంటే మాత్రం దాని శ్రుతే శాసనం.

గమకం వద్దు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇదే పెద్ద పరీక్ష. స్వరం నుంచి స్వరానికి జారుతారు, చివరి స్వరాన్ని ఊపుతారు. మా పాప మొదటిసారి పాడితే డాన్యూబ్ కాస్తా కావేరి అయిపోయింది! ప్రతి స్వరాన్నీ మెట్టు ఎక్కినట్టు నేరుగా అందుకోవాలి. ‘ల’ అక్షరంతో విడివిడిగా, ల్–ల్–ల్ అని తెంపి పాడిస్తే జారడం తగ్గుతుంది. తర్వాత మాటలు పెట్టండి.

వేగం. మెట్రోనోమ్‌లో 72 దగ్గర మొదలుపెట్టి రోజుకు కొంచెం పెంచండి. మాట నలిగిన చోట ఆగి, వెనక్కి తగ్గండి. బృందం వేగమే చివరి లక్ష్యం, దాన్ని దాటించకండి.

ఊపిరి. 8+5 కలిపి ఒక ఊపిరి. పొట్టి పంక్తి అయ్యాక తీసుకోవాలి. ‘సె’ తర్వాత మధ్యలో ఊపిరి తీస్తే ‘వల్నువ’ ఎవరిదో తెలియని మాటైపోతుంది.

నడక. పాడుతూ గదిలో నడిపించండి. ఎడమ కాలితో మొదలు. పాదం గట్టిగా మోదితే గొంతు అదురుతుంది, మడమ మెల్లగా ఆనాలి.

## 9. చరణాలు తారుమారు కాకుండా

కాగితం మీద బొమ్మలు గీయించండి, రాత వద్దు.

1. నది, ఓడ
2. ఒడ్డు, బూర, జెండా
3. సింహపు బిళ్ల ఉన్న టోపీ
4. కెప్టెన్ ముందు నిలబడ్డ నాయకుడు
5. నాయకుడి నోటి దగ్గర మాటల బుడగ
6. అదే బుడగ, కొనసాగింపు

నాలుగు వరకు చెబుతున్నది కవి. ఐదు నుంచి మాట్లాడేది బోతెవ్. ఈ తేడా తెలిసిన పిల్ల గొంతు దానంతటదే మారుతుంది. తెలియనివాళ్లు ‘అజ్ సమ్’ (నేను) అన్నచోట అరుస్తారు. అరవనక్కర్లేదు, ఒక అడుగు ముందుకు వేస్తున్నట్టు స్పష్టంగా అంటే చాలు.

## 10. వినగానే పట్టుకోవలసిన తప్పులు

మొదటి చరణం గట్టిగా, తర్వాత నీరసం. ‘తిహ్’ అంటేనే నిశ్శబ్దం. తక్కువ గొంతుతో మొదలుపెట్టి రెండో చరణంలో బూర మోగినప్పుడు పెంచమనండి.

ఒక్కచోటే మళ్లీ మళ్లీ తడబాటు. మొత్తం పాట తిరిగి పాడించకండి. ఆ మాట, దాని ముందు మాట, ఈ రెంటినే పదిసార్లు పలికించండి.

తెలుగు లిపి చూసే పాడటం. రెండో వారం నుంచి ఆ కాగితం దాచేయండి. నేను రాసిచ్చిన ‘వల్నువ’నే మూడేళ్లుగా మన అ తో పాడుతున్న అబ్బాయి ఉన్నాడు. తప్పు వాడిది కాదు, నాది.

ఇంట్లో బాగా, బృందంలో మాయం. రికార్డింగు పెట్టి దానిమీద కాకుండా, పక్కన మీరు కావాలని కొంచెం తప్పుగా పాడుతూ ఉంటే పిల్ల తన దారిన నిలబడాలి. నవ్వుతూ చేయించండి.

## 11. వేదిక రోజు

☐ తెల్ల చొక్కా, బిగుతుగా లేని మెడపట్టీ
☐ నీళ్లు గోరువెచ్చగా; ఐస్‌క్రీం పాట అయ్యాకే
☐ ఉదయం ఒక్కసారి మాటలు చదివించండి, పాడించకండి
☐ నాలుగో చరణంలో కత్తి ఉందని బొమ్మ కత్తి కొనేముందు టీచరును అడగండి

మీ పిల్లకు పరిచయ వాక్యాలు చెప్పే పని ఇస్తే తేదీల దగ్గర చిక్కు ఉంది. కొజ్లొదుయ్‌లో ఓడ దిగింది పాత (జూలియన్) కేలండర్లో 1876 మే 17, ఇప్పుడు వాడే కొత్తదాంట్లో మే 29. బోతెవ్ మరణం పాత లెక్కలో మే 20, కొత్త లెక్కలో జూన్ 1. దేశం స్మరించేది మాత్రం జూన్ 2న. మూడూ కలిపేస్తే ఓడ దిగకముందే చనిపోయినట్టు వస్తుంది. ఏదో ఒక కేలండరే వాడండి.

కార్యక్రమం జూన్ 2నే అయితే ఒక విషయం ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు మధ్యాహ్నం 12కి దేశమంతా సైరన్లు మోగుతాయి, జనం ఉన్నచోటే నిలబడిపోతారు. తెలియని పిల్లలు బెదురుతారు. చరణం మధ్యలో ఉన్నా సరే, పాట ఆపి చేతులు పక్కన పెట్టుకుని నిలబడాలి. ఆగాక టీచరు చెయ్యి ఎత్తినప్పుడు, ఆ చరణం మొదటి పంక్తి నుంచి.